వనభోజనాలకు చెక్కల డబ్బా

కార్తీక వనభోజనాలకు 'తలా ఒక వంటకం' అనగానే కొందరు ఇల్లాళ్ళు ఏదో వంక చెప్పి మానేస్తారు. వట్టి చేతులతో వెళ్ళలేరు, స్వీటు డబ్బా కొనలేరు. వాళ్ళకు నేను చెప్పేది చెక్కలు. ఉసిరిచెట్టు కిందకు చేరేసరికి బజ్జీలు మెత్తబడతాయి, ఇవి కరకరలాడుతూనే ఉంటాయి. కాజూ బర్ఫీ పక్కన పెట్టి చూడండి, ముందు ఏది ఖాళీ అవుతుందో!

4 గ్లాసుల బియ్యప్పిండికి గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, అల్లం పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు. 4 చెంచాల కాగిన నూనె పోస్తేనే గుల్లగా వస్తాయి. వేడినీళ్ళతో కలిపి, నూనె రాసిన పాలకవరు మీద పల్చగా ఒత్తి, మధ్యస్థం సెగమీద నూనెలో నురగ తగ్గేదాకా వేయించండి. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి సుమా! రెండురోజుల ముందే చేసేసుకుంటే ఆ ఉదయం పిల్లలకు జడలు వేసే తీరికైనా దొరుకుతుంది.