పాత మార్కెట్ కాంప్లెక్స్ కూల్చి కొత్తది కడతామంటున్నారా? షాపు ఖాళీ చేసే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివీ

పెచ్చులూడిన స్లాబు, వానొస్తే మెట్ల దాకా చేరే మురుగు, తుప్పు పట్టిన షట్టర్లు, మేడ మీద ఏళ్లుగా తాళం తీయని గదులు. మన పట్టణాల్లో ఇలాంటి పాత షాపింగ్ కాంప్లెక్స్‌లు కొత్తేమీ కాదు. ఓ రోజు దాన్ని కూల్చి నాలుగంతస్తుల కొత్త కాంప్లెక్స్ కడతామన్న ప్రకటన వస్తుంది. రంగుల నమూనా చిత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

కానీ ఆ పాత భవనం మీద బతికేవాళ్లు మూడు రకాలు. కార్యాలయ రికార్డుల్లో పేరున్న లీజుదారు ఒకరు. ఆయన దగ్గర అద్దెకు తీసుకుని రోజూ షట్టర్ ఎత్తే అసలు వ్యాపారి మరొకరు. మూడో మనిషి గుంటూరు-తెనాలి రైలు మార్గంలోని సంగం జాగర్లమూడి లాంటి ఊరి నుంచి పొద్దున్నే ఆకుకూరల గంపతో వచ్చి, కాంప్లెక్స్ ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చునే మహిళ. కొత్త భవనంలో ఈ ముగ్గురిలో ఎవరికి చోటుంటుందో నమూనా చిత్రం చెప్పదు. భవనం కూలక ముందు రాసుకున్న కాగితాలే చెబుతాయి. అందుకే ఆ కాగితాల్లో ఏముండాలో ఇక్కడ చూద్దాం.

అసలు ఆ భవనం ఎవరిది?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. యజమాని మారితే నిబంధనలూ మారిపోతాయి. పురపాలక సంఘానిదైతే మున్సిపల్ చట్టం, వేలం నిబంధనలు వర్తిస్తాయి. గ్రామంలోనిదైతే పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ తీర్మానం కావాలి. గుడి దుకాణాలైతే 1987 నాటి దేవదాయ చట్టం, రైతు బజారైతే మార్కెటింగ్ శాఖ, బస్టాండ్ ఆవరణలోనివైతే ఆర్టీసీ టెండరు షరతులు వర్తిస్తాయి.

ప్రైవేటు కాంప్లెక్స్ సంగతి వేరు. షాపులు విడివిడిగా అమ్మేసి ఉంటే, ఒక్కో యజమానికి స్థలంలో అవిభాజ్య వాటా ఉంటుంది. అందరూ ఒప్పుకోకుండా ఆ భవనాన్ని తిరిగి కట్టడం చాలా కష్టం. ఇక్కడి నుంచి మనం ప్రధానంగా మున్సిపల్ కాంప్లెక్స్ గురించే మాట్లాడుకుందాం.

కూల్చక తప్పదా? మరమ్మతు చేస్తే చాలదా?

పాతదైనంత మాత్రాన కూల్చాల్సిందే అనేం లేదు. హైదరాబాద్‌లోని మోజంజాహీ మార్కెట్‌నే తీసుకోండి. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్ కాలక్రమంలో బాగా దెబ్బతింది. దాన్ని కూల్చకుండా 2018లో పునరుద్ధరణ మొదలుపెట్టి, 2020 ఆగస్టు 14న మళ్లీ ప్రారంభించారు. పేరున్న ఐస్‌క్రీమ్ దుకాణాలు అక్కడే కొనసాగుతున్నాయి.

అయితే రాతి కట్టడం వేరు, సిమెంటు కాంక్రీటు భవనం వేరు. కాంక్రీటులోకి తేమ దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికే పెచ్చులూడతాయి. బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుగాలి తగిలే చోట ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే లోపలి తుప్పు ఆగదు. అందుకే భవన పటిష్ఠత పరీక్ష జరిగిందా, నివేదిక ఏం చెప్పింది అని అడగండి. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హామర్ పరీక్ష, లోపలి పగుళ్లను పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష, చిన్న ముక్క తీసి చూసే కోర్ పరీక్ష ఇందులో ఉంటాయి.

అలాగని ప్రమాదకరంగా మారిన భవనాన్ని ఎలా ఉందో అలా వదిలేయమనడమూ సరికాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. వాళ్లంతా అక్కడి ఆఫీసుల్లో పనిచేసే యువతీ యువకులే. పాత కాంప్లెక్స్‌లో మెట్ల మీద సరుకు పెట్టడం, వరండాలు మూసేయడం, వేలాడే కరెంటు తీగలు.. రోజూ చూసి అలవాటైపోయిన ఇవే నిప్పంటుకున్న రోజున ప్రాణాలు తీస్తాయి.

డబ్బు ఎవరు పెడతారు, చివరికి ఎవరు కడతారు?

మున్సిపాలిటీలు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి ఎంచుకుంటాయి. సొంత నిధులతోనో అప్పుతోనో కట్టడం మొదటిది. షాపులు ముందుగానే వేలం వేసి, పాటదారులు కట్టే గుడ్‌విల్, డిపాజిట్ సొమ్ముతో కట్టడం రెండోది. స్థలాన్ని దీర్ఘకాలం లీజుకిచ్చి ప్రైవేటు సంస్థతో కట్టించడం మూడోది.

ఏ దారిలో వెళ్లినా ఖర్చు చివరికి అద్దెలోకే వస్తుంది. ఓ లెక్క చూడండి. ఇది కేవలం ఉదాహరణ. వంద షాపుల కాంప్లెక్స్‌కు 10 కోట్ల రూపాయలు ఖర్చయితే ఒక్కో షాపు వాటా 10 లక్షలు. వడ్డీ లేకుండా పదేళ్లలో రాబట్టాలన్నా నెలకు 8,333 రూపాయలు కావాలి. 9 శాతం వడ్డీకి అప్పు తెస్తే అది దాదాపు 12,670 అవుతుంది. పాత షాపుకు నెలకు 3 వేలు కట్టే టైలరో, చెప్పులు కుట్టే ఆయనో ఈ అద్దె భరించగలరా? భవనం ఎన్ని అంతస్తులన్నదాని కంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

ఇంకో చిక్కుంది. కింది అంతస్తు షాపులకు పోటీ పడతారు గానీ, రెండో అంతస్తు ఎక్కి ఉల్లిపాయలు కొనేవారు తక్కువ. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ కట్టిన మోడల్ మార్కెట్లలో పలుచోట్ల దుకాణాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. కొత్త భవనం కట్టగానే జనం వచ్చేయరు. అద్దె, చోటు రెండూ చిన్న వ్యాపారికి సరిపడాలి.

పాత లీజుదారుకు కొత్త షాపు హక్కుగా వస్తుందా?

చాలామంది వస్తుందనే అనుకుంటారు. కానీ దానంతట అది రాదు. మున్సిపల్ షాపుల లీజులకు ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి జీవో 56 ఆధారంగా ఉంది. దాని ప్రకారం లీజు మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రతిసారీ అద్దె 33 1/3 శాతం పెరుగుతుంది. మొత్తం 25 ఏళ్లు పూర్తయితే షాపును బహిరంగ వేలానికి పెట్టాలి.

ఈ పెంపు ఎలా ఉంటుందంటే, ఇవాళ అద్దె 3,000 అయితే మొదటి పునరుద్ధరణకు 4,000, రెండోసారికి 5,333, మూడోసారికి 7,111 అవుతుంది. అంటే తొమ్మిదేళ్లలో రెట్టింపు దాటిపోతుంది.

కాబట్టి 25 ఏళ్ల గడువు దగ్గరపడిన షాపు, గడువు మిగిలి ఉన్న షాపు ఒకటి కావు. 'కట్టాక మీ షాపు మీకే' అని సమావేశంలో ఎవరైనా మాటిస్తే, అది కౌన్సిల్ తీర్మానంలో రాసి ఉందేమో చూడండి. అందులో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏ అంతస్తు, ఎన్ని చదరపు అడుగులు, ఎంత అద్దె, ఎన్నాళ్ల గడువు. ఈ నాలుగూ లేని హామీకి వేలం పాట రోజున విలువ ఉండదు.

రికార్డుల్లో పేరు లేని వ్యాపారి పరిస్థితి ఏమిటి?

ఎక్కువగా నష్టపోయేది ఈయనే. ఎప్పుడో వేలంలో షాపు దక్కించుకున్న వ్యక్తి తక్కువ అద్దె కడుతూ, దాన్ని మరొకరికి ఎక్కువకు ఇవ్వడం చాలా చోట్ల జరిగేదే. మున్సిపల్ లీజులో ఇలా మారు అద్దెకివ్వడం సాధారణంగా నిషిద్ధం. కూల్చే రోజు వచ్చినప్పుడు నోటీసు, డిపాజిట్ వాపసు, కొత్త షాపు అవకాశం అన్నీ రికార్డుల్లో పేరున్నవారికే వెళ్తాయి. పదిహేనేళ్లుగా షట్టర్ ఎత్తుతున్న మనిషి చేతిలో ఏమీ మిగలదు.

మీరు ఈ స్థితిలో ఉంటే ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పత్రం, అద్దె బదిలీ చేసిన బ్యాంకు లేదా యూపీఐ వివరాలు భద్రపరచుకోండి. ఇవి లీజు హక్కు ఇవ్వవు. కానీ సర్వే జరిగినప్పుడు వాస్తవంగా వ్యాపారం చేస్తున్నది ఎవరో చూపే ఆధారాలు ఇవే.

కాంప్లెక్స్ ముందు కూర్చునేవారికి హక్కుందా?

ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వీరి కోసమే వచ్చింది. సర్వే పూర్తయి విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ధ్రువపత్రం ఉన్నవారిని తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కమిషనర్ అధ్యక్షతన ఉండే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. 50 ఏళ్లకు పైబడి సాగుతున్న మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా గుర్తించాలని, అక్కడివారిని తరలించకూడదని కూడా చట్టం చెబుతోంది.

ఈ చట్టం పట్టణ జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు కల్పించమంటోంది. 2011 లెక్కల ప్రకారం తెనాలి పట్టణ జనాభా 1,64,937. ఆ లెక్కన దాదాపు 4,120 మంది. అంటే చోటు చూపడం ఎవరో దయతలచి చేసే పని కాదు, మున్సిపాలిటీ ప్రణాళికలో ఉండాల్సిన అంకె.

'మాది పక్క పల్లెటూరు, మాకు వర్తిస్తుందా?' అని సందేహం రావచ్చు. చూసేది మీ ఇల్లు ఎక్కడుందని కాదు, ఎక్కడ అమ్ముతున్నారని. సంగం జాగర్లమూడిలో ఉంటూ తెనాలి పట్టణ పరిధిలో అమ్మే మహిళ కూడా సర్వేలో పేరు నమోదు చేయమని అడగొచ్చు. పీఎం స్వనిధి రుణ పథకం కూడా చుట్టుపక్కల గ్రామాల నుంచి పట్టణానికి వచ్చి అమ్మేవారికి మొదటి నుంచీ వర్తిస్తోంది. 2025 ఆగస్టులో సవరించాక ఈ పథకంలో మొదటి విడత 15 వేలు, రెండో విడత 25 వేలు, మూడో విడత 50 వేల రూపాయల వరకు రుణం ఇస్తారు. 2030 మార్చి 31 వరకు గడువుంది.

కట్టేలోపు వ్యాపారం ఎక్కడ?

కొత్త భవనం రెండేళ్లలో వస్తుందన్నా, ఆ రెండేళ్లూ ఇల్లు గడవాలి. పాత ఖాతాదారు ఒకసారి వేరే దుకాణానికి అలవాటు పడితే మళ్లీ రావడం కష్టం.

లండన్‌లోని శ్రామికుల ప్రాంతం ఎలిఫెంట్ అండ్ కాజిల్‌లోనూ ఇదే జరిగింది. 1965లో తెరిచిన అక్కడి షాపింగ్ సెంటర్‌ను 2020 సెప్టెంబరులో మూసి తర్వాత కూల్చారు. లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి స్థిరపడిన చిన్న వ్యాపారులు అందులో చాలామంది ఉండేవారు. వాళ్లు సంఘటితంగా పోరాడిన తర్వాత తరలింపు నిధి, దగ్గర్లోనే ఒక తాత్కాలిక మార్కెట్ వచ్చాయి. అయినా అందరికీ చోటు దొరకలేదు. కూల్చక ముందే ఎవరు అడిగారు, ఎవరి పేరు జాబితాలో ఉంది అన్నదే అక్కడ తేడా తెచ్చింది.

కాబట్టి మీ ఊళ్లో తాత్కాలిక షెడ్లు అదే రోడ్డులో, అదే బస్సు దిగే చోటుకు దగ్గర్లో ఉండేలా అడగండి. మరుగుదొడ్డి, నీళ్లు, రాత్రి సరుకు దాచుకునే చోటు కూడా ఆ ప్రణాళికలో భాగమే.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

* షాపులవారీగా జాబితా తయారు చేయండి. లీజుదారు పేరు, నడిపేవారి పేరు, గడువు, చివరి రసీదు నంబరు రాయండి. బయట కూర్చునేవారి పేర్లూ, ఫొటోలూ చేర్చండి.

* సమాచార హక్కు చట్టం కింద నాలుగు కాగితాలు అడగండి: పటిష్ఠత నివేదిక, కౌన్సిల్ తీర్మానం, అంచనా వ్యయం, వేలం లేదా ప్రైవేటు ఒప్పందం షరతులు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

* వ్యాపార సంఘం తరఫున రాతపూర్వక వినతి ఇచ్చి, కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయండి.

* ఖాళీ చేసే రోజు డిపాజిట్ వాపసు, బకాయి లేదన్న పత్రం, తిరిగి కేటాయింపు లేఖ అందాకే తాళాలు ఇవ్వండి. నోటీసు లేకుండా ఖాళీ చేయమంటే న్యాయ సేవా సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది.

మీరు వ్యాపారి కాకపోయినా ఇది మీకు సంబంధం లేని విషయం కాదు. ఇంటికి దగ్గర్లో పది రూపాయలకు కొత్తిమీర కట్ట, యాభైకి జిప్పు మార్చే టైలరు ఉండాలంటే వాళ్లు కట్టగలిగే అద్దె ఉండాలి. కొత్త కాంప్లెక్స్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు పార్కింగ్ ఎంత అనే కాదు, పాతవాళ్లలో ఎంతమంది తిరిగి వస్తున్నారని కూడా అడగండి.