నలుగురి నోట ఒక్క పాట

సోలాపురం నేతపేటల్లో పుట్టిన మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో కన్నడం, ఉర్దూ. సాయంకాలం మరమగ్గాల చప్పుడు నడుమనే ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి గొంతెత్తి పాడుతుంటారు. "ఇట్లయితే మన భాష ఏమైపోవును?" అని మాలో పెద్దలు కొందరు బెంగపడుతుంటారు. వారికి మేము ఒక ముచ్చట చెప్పదలచాము.

అమెరికాలో, న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ ప్రాంతంలో 'ఇంపాలాస్' అనే పాటల జట్టు ఉండేది. ముందు పాడే జో ఫ్రేజియర్ నల్లజాతివాడు. తక్కిన ముగ్గురూ తెల్లవారు. వీరి బాణీని 'డూ-వాప్' అంటారు. ఒకరు పాట అందుకుంటే తక్కినవారు అర్థంలేని అక్షరాలతోనే తాళమూ శ్రుతీ నింపుతారు. వాయిద్యాలు కొనలేని పిల్లలు సైతం వీధి మలుపున నిలిచి పాడుకోవచ్చును.

అలిగిన ప్రేయసిని క్షమించమని వేడుకొనే వీరి 'సారీ' రికార్డు 1959లో అమెరికా పాటల జాబితాలో రెండవ స్థానానికి ఎక్కింది. ఆనాడు దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆ నలుగురూ ఒక్క హోటల్లో కూర్చొని భోంచేయడానికి వీలులేదు. ఆ వివక్షను నిషేధించిన చట్టం 1964లో గాని రాలేదు. చట్టానికి అయిదేండ్లు ముందే నాలుగు గొంతులు ఒక్కటైనవి. అంతటి పాట వారికి మళ్ళీ దక్కలేదు. అయితేనేమి, ఆ ఒక్కటి నిలిచింది.

కలిసి పాడినందున ఎవరి గొంతూ పోలేదు. పడుగూ పేకా వేరు రంగులైనా చద్దరు ఒక్కటే కదా! పిల్లలను పాడనిద్దాము. ఇల్లు చేరినాక ఒక తెలుగు పాట నేర్పే పూచీ మాత్రం మనది.