కోడి మనది, కూత అందరిది

2025 ఫిబ్రవరిలో కేరళలోని పత్తనంతిట్ట జిల్లా అడూర్ రెవెన్యూ డివిజనల్ అధికారి ముందుకు ఓ తగాదా వచ్చింది. పళ్లిక్కల్ గ్రామంలో ఒకాయన మేడమీద కోళ్లు పెంచుకుంటున్నాడు. తెల్లవారుజామున మూడింటికే పుంజు కూస్తోందనీ, అసలే ఒంట్లో బాగోని తనకు కంటిమీద కునుకు ఉండటం లేదనీ పక్కింటాయన ఫిర్యాదు. అధికారులు ఇద్దరి మాటా విన్నారు, స్థలం చూశారు, గూటిని మేడమీది నుంచి తీసి ఇంటికి దక్షిణం వైపు 14 రోజుల్లో మార్చమన్నారు. వార్త చదివి దేశమంతా నవ్వుకుంది. నిజానికి అందులో నవ్వుకోవాల్సింది తక్కువ, నేర్చుకోవాల్సింది ఎక్కువ. కోళ్లను అమ్మేయమని ఎవరూ అనలేదు, నిద్రపట్టకపోతే చెవుల్లో దూది పెట్టుకోమనీ అనలేదు. గూడు ఎక్కడుండాలన్నదే ప్రశ్న అయింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో ఇలాంటి జగడం వచ్చినప్పుడు మనం సాధారణంగా రెండు కొసల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుంటాం. ‘నా ఇల్లు, నా కోళ్లు’ అని ఒకరు, ‘ఇదేమన్నా పల్లెటూరా’ అని ఇంకొకరు. ఈ రెండింటి మధ్య గీత గీయడానికి ఒక చోటుంది. నగరంలో పెట్టను ఒప్పుకోవాలి, పుంజును ఒప్పుకోకూడదు. మిగతా షరతులన్నీ ఆ తర్వాతివే.

పుంజు మీద కక్షతో అంటున్న మాట కాదిది. కూత దాని అలవాటు కాదు, ఒంట్లోని గడియారం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఆ సంగతి తేల్చారు. మసక వెలుతురు మారకుండా ఉంచిన గదిలోనూ పుంజులు దాదాపు రోజుకోసారి, తమ లెక్కలో తెల్లవారే వేళకు కూశాయి. మామూలు పగలూ రాత్రీ ఉన్నప్పుడైతే వెలుగు రావడానికి రెండు గంటల ముందే మొదలెట్టాయి. వాళ్లే 2015లో ఇంకో ముచ్చట బయటపెట్టారు. గుంపులో పెద్దపుంజు ముందు కూస్తుంది, మిగతావి హోదా ప్రకారం వరసగా అందుకుంటాయి. ప్రోటోకాల్ మన సచివాలయాల్లోనే కాదు, కోళ్ల గూట్లోనూ ఉందన్నమాట! ఇక కూత తీవ్రత చూస్తే, మీటరు దూరంలో అది 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరేసి డెసిబెల్స్ తగ్గుతాయనుకుంటే 16 మీటర్ల అవతల, అంటే ఇరుకు కాలనీలో రెండిళ్లు దాటాక కూడా, 76 మిగులుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45. అది సగటు శబ్దానికి పెట్టిన హద్దు కాబట్టి ఒక్క కూతను పట్టుకుని కేసు గెలవలేం. కానీ మనిషిని నిద్రలేపేది సగటు కాదుగా, ఆ ఒక్క కూతే. పెట్ట సంగతి వేరు. గుడ్డు పెట్టాక పొద్దున్నో మధ్యాహ్నమో కాసేపు కొక్కొక్కో అని అరిచి ఊరుకుంటుంది. రాత్రయితే దాని ఊసే ఉండదు.

కోడికూత మన సంస్కృతి, దాన్ని నిషేధించడమేమిటి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లు తరచూ చూపించేది ఫ్రాన్స్‌ను. అక్కడ ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద సెలవుల ఇంటి యజమానులు కోర్టుకెక్కితే 2019లో తీర్పు పుంజుకే అనుకూలంగా వచ్చింది. ఫిర్యాదీలు వెయ్యి యూరోలు పరిహారం కట్టాల్సి వచ్చింది. 2021 జనవరిలో కూతలు, వాసనల్ని వారసత్వంగా గుర్తిస్తూ చట్టమే చేశారు. అయితే ఆ చట్టం కాపాడింది పల్లెల్ని. పల్లెకు వచ్చి పల్లె శబ్దం వద్దనకూడదన్నది దాని సారం. అదే న్యాయాన్ని తిప్పి చూస్తే నూట ఇరవై గజాల ప్లాట్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నచోట, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సు పక్కన, పుంజును కట్టేసి సంస్కృతి అనడం కుదరదు. లౌడ్‌స్పీకర్లు, వీధికుక్కలు, డీజేలు లేవా అన్నది ఇంకో వాదన. ఉన్నాయి. వాటిని భరిస్తున్నవాడి నెత్తిన ఇంకో మోత పెట్టడానికి అది సాకు కాలేదు. ఇక సంక్రాంతి పందేల కోసం డాబాల మీద కాలికి తాడు కట్టి పెంచే పుంజులంటారా, వాటిని పెరటి పెంపకం లెక్కలోనే వేయకూడదు.

పుంజు లేకపోతే గుడ్లెలా అన్న సందేహం చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తుంది. గుడ్డు పెట్టడానికి పుంజుతో పనిలేదు, పిల్లలు పొదగాలంటేనే కావాలి. అచ్చ నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే, రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ రెండొందలకు అటూ ఇటూ పెడుతుంది. అవి నాలుగుంటే వారానికి పదిహేను గుడ్లు, ఒక చిన్న కుటుంబానికి సరిపోతాయి. ఇక్కడ ఒక చిక్కు దాచకూడదు. సరదాపడి కొనే రంగు పిల్లల్లో పెట్టేదో పుంజేదో తెలియదు. మూడు నాలుగు నెలలకు కూత వినపడ్డాక ఆ పుంజును ఏం చేయాలన్నది మొదలవుతుంది. కోసుకు తినే ఇంట్లో ఇది సమస్యే కాదు, పిల్లలు దానికి పేరు పెట్టేసిన ఇంట్లో పెద్ద రభస. అందుకే నగరంలో పెంచదలచుకున్నవాళ్లు పిల్లల్ని కాక, గుడ్లకు రాబోతున్న పెట్టల్నే కొనడం మంచిది. ధర ఎక్కువే, పక్కింటివాళ్లతో వచ్చే తగాదా కంటే మాత్రం చవక.

కూత తర్వాత పేచీ వాసనది. ఇందులో కోడి తప్పు తక్కువ, మనిషి బద్ధకం ఎక్కువ. ఒక్కో పెట్ట రోజుకు వంద గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది. అది పొడిగా ఉన్నంతసేపు వాసన పెద్దగా రాదు. తడి తగిలితేనే అమ్మోనియా ముక్కుపుటాలు అదరగొడుతుంది. గూట్లో నాలుగంగుళాల మందాన వరిపొట్టు పరిచి, పైన రేకు కప్పి, నీళ్ల పాత్ర ఒలకకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. వేసవిలో ఈగ గుడ్డు దశ నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు చాలు కాబట్టి, వారానికి రెండుసార్లు పెంట ఎత్తేస్తే ఆ తరం అక్కడే తెగిపోతుంది. ఎత్తిన పెంటను ఆకులతో కలిపి కుళ్లబెట్టాలి. పచ్చిదే మొక్కలకు వేస్తే వేళ్లు మాడిపోతాయి. ఎలుకలు వచ్చేది కోళ్ల కోసం కాదు, మేత కోసం. చీకటిపడితే కోడికి కళ్లు కనపడవు గనుక రాత్రి గిన్నెలో ఉంచిన నూకలు, జొన్నలు తినేది ఎలుకలే. సాయంత్రం గిన్నె తీసి మూత ఉన్న డబ్బాలో పోయడమనే చిన్న పనితో వీధి మొత్తానికి ఉపకారం జరుగుతుంది.

ఎన్ని పెట్టలు, గోడకు ఎంత దూరం అన్న లెక్క మన కాలనీల్లో ఎవరి నోటా వినిపించదు. అమెరికాలో చాలా నగరాలు దీన్ని రాసుకున్నాయి. విస్కాన్సిన్‌లోని మాడిసన్ 2004లో ఇంటికి నాలుగు పెట్టల్ని అనుమతించింది. పుంజు కూడదు, గూడు పొరుగింటికి 25 అడుగుల దూరం ఉండాలి. సియాటిల్ 2010లో పెట్టల సంఖ్యను ఎనిమిదికి పెంచింది కానీ కొత్తగా పుంజుల్ని మాత్రం రానివ్వలేదు. బర్డ్‌ఫ్లూ దెబ్బకు 2025 మార్చిలో డజను గుడ్లు సగటున 6.23 డాలర్లకు చేరాక అక్కడి మనవాళ్లలోనూ పెరటికోళ్ల మీద మోజు పెరిగి ఉంటే ఆశ్చర్యం లేదు. ఊరు ఒప్పుకున్నా ఇళ్ల యజమానుల సంఘం ఒప్పుకోకపోవచ్చన్న సంగతి ముందే చూసుకోవాలి. 25 అడుగులు మన ప్లాట్లలో దొరకవు. దొరకనిచోట గూడు పక్కింటి పడకగది కిటికీకి ఎదురుగా లేకుండా చూడటమే కనీస మర్యాద. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కోళ్లు వద్దనే నా అభిప్రాయం. అక్కడ మన నేల అంటూ లేదు, కింది ఫ్లాటువాళ్ల బట్టలే ఉంటాయి. ఇక గూడు కట్టాక చెప్పడానికీ, కట్టకముందు అడగడానికీ మధ్య తేడా మన పెద్దలకు తెలిసిందే. ‘వదినగారూ, నాలుగు పెట్టలు తెద్దామనుకుంటున్నాం, మీకేమన్నా ఇబ్బందా’ అని ముందు అడిగినవాళ్ల కోళ్ల మీద ఫిర్యాదు అంత తేలిగ్గా పుట్టదు. అప్పుడప్పుడు ఇచ్చే అరడజను గుడ్లు కూడా కొంత పనిచేస్తాయి, కాదనను. అవి వాసనకు పరిహారం మాత్రం కావు.

ఈ వాదనలో నాకు బరువుగా అనిపించే అభ్యంతరం ఒకటే. నిబంధన రాశాక అది ఎవరి మీద పడుతుంది? విల్లాలో ముచ్చటకు పెంచేవాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. బస్తీలో గంప కింద ఆరు కోళ్లు మూసి, ఇంటి అవసరానికి ఒకటి అమ్ముకునే మనిషి మీదికే చలానా పుస్తకం వస్తుంది. పుంజు లేకపోతే ఆ మనిషికి పిల్లలు పొదిగే ఆదాయం కూడా పోతుంది. అందుకని జరిమానాతో మొదలయ్యే పద్ధతి పనికిరాదు. పుంజును తీసేయమన్నప్పుడు బదులుగా గుడ్లకొచ్చే పెట్టల్ని పశుసంవర్ధక శాఖ చవకగా అందించాలి. బస్తీలో పుంజుల్ని పూర్తిగా ఆపలేకపోతే, రాత్రి చీకటి గూట్లో ఉంచి తెల్లారాక వదలడం లాంటి సర్దుబాటునైనా అంగీకరించాలి. దాంతో కూత ఆగదు, కొంత లోపలే ఉండిపోతుంది.

రోగాల భయం చూపి అన్నిటినీ నిషేధించాలనేవాళ్లకు మాత్రం నా దగ్గర గట్టి జవాబే ఉంది. భయం అబద్ధం కాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ రోగం బయటపడితే కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ, పెరటివైనా సరే, చంపి పూడ్చి పరిహారం ఇవ్వాలన్నది కేంద్ర కార్యాచరణ ప్రణాళిక. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లలో దాదాపు 32 కోట్లు పెరటివే, అంతకుముందు లెక్క కంటే సుమారు 46 శాతం ఎక్కువ. ఇన్నింటిని నిషేధంతో మాయం చేయలేం, దాచిపెట్టేలా మాత్రం చేయగలం. దాచిపెట్టినవాడు కొక్కెర తెగులుకు టీకా వేయించడు. గూట్లో రెండు కోళ్లు ఒకేరోజు చచ్చినా పశువైద్యుడికి చెప్పడు, సంచిలో కట్టి చెత్తబండిలో వేస్తాడు. వార్డు కార్యాలయంలో ఏ ఇంట్లో ఎన్ని పెట్టలున్నాయో ఒక పుస్తకం ఉంటే, రుసుము లేకుండా పేరు రాసుకుంటే, టీకా ఆ ఇంటికే వెళ్తుంది, పరిహారమూ వెళ్తుంది, అనుమానం వచ్చినప్పుడు ముందు ఏ తలుపు తట్టాలో అధికారికి తెలుస్తుంది.