ఎదురుగాలిలో మా అమ్మాయి పడవ

పన్నెండేళ్ళ మా అమ్మాయి వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటానని పట్టుబట్టింది. "ఆడపిల్లకి నీళ్ళతో ఆటలేమిటే?" అన్నారు మా అత్తగారు. పైకి అనలేదుగానీ నా భయమూ అదే. ఈత వచ్చు, లైఫ్ జాకెట్ వేస్తారు అని సర్దిచెప్పుకుని, రోజూ తీసుకెళ్ళి గట్టు మీద కూర్చునేదాన్ని.

గాలి వెనకనుంచి తోస్తేనే పడవ పోతుందనుకునేదాన్ని. అక్కడ పిల్లలు గాలి వచ్చే వైపుకే వెళ్తున్నారు! నేరుగా కాదులెండి. గాలికి దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా, కాసేపు కుడికి, కాసేపు ఎడమకి, ఘాట్ రోడ్డులా మలుపులు తిరుగుతూ.

అదెలాగే అంటే నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. కొళాయి సన్నగా తిప్పి, చెంచా కాడ చివర వదులుగా పట్టుకుని, దాని వీపుని ధారకి తాకించమంది. నీళ్ళు చెంచాని అవతలికి తోస్తాయనుకున్నాను. ధారలోకే లాక్కున్నాయి! మీరూ చేసి చూడండి. నీళ్ళు ఆ వంపు వెంట మళ్ళి ఒక పక్కకి పోతుంటే, చెంచా రెండో పక్కకి జరుగుతుంది. తెరచాప వంపు మీద గాలీ ఇలాగే మళ్ళుతుంది. ఉబ్బిన బయటివైపు ఒత్తిడి తగ్గుతుంది, లోపలివైపు ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే లాగుతుంది. విమానాన్ని లేపేదీ అదే; తెరచాప అంటే నిలబెట్టిన రెక్క. కాకపోతే ఆ లాగుడు ఎక్కువగా పక్కకే. పడవ అడుగున నీళ్ళలోకి దించిన పలక పక్కకి జారనివ్వదు కనుక, పడవ ముందుకు సాగుతుంది.

ఐదోరోజు పెద్ద గాలొచ్చి దాని పడవ తిరగబడింది. నా గుండె ఆగినంత పనయింది. పక్కనే తోడు పడవ ఉంది, నిమిషంలో పైకొచ్చింది, అది వేరే విషయం. ఇంటికి రాగానే "రేపట్నుంచి వద్దు" అనేశాను.

"తప్పు నాదే అమ్మా. భయమేసి తెరచాప తాడు ఇంకా బిగించాను" అంది.

మరీ బిగిస్తే గాలి వంపు వెంట పారలేక సుడులు తిరుగుతుంది. పడవ ఒరగడమే తప్ప పరుగుండదు. మరీ వదిలేస్తే తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది. రెపరెపలాడేదాకా వదిలి, అది ఆగేదాకా లాగి, అక్కడ పట్టుకోవాలిట. తెరచాపకి రెండువైపులా ఊలు దారం ముక్కలు అతికిస్తారు. రెండూ వెనక్కి సాఫీగా సాగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. బయటివైపుది అల్లాడితే తాడు బిగుసుకుందన్నమాట, వదలాలి.

అత్తగారిని ఒప్పించింది మాత్రం 'తారిణి' కథ. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు నౌకాదళ అధికారిణులు ఆ తెరచాప నౌకలో దాదాపు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి, 2018 మే 21న వచ్చారు. వారిలో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాదు. "మనవాళ్ళేనా!" అన్నారావిడ.

మళ్ళీ తీసుకెళ్ళాను. మొదటి గాలికే పడవ ఒరిగింది. అమ్మాయి తాడు జానెడు వదిలింది. పడవ నిటారుగా లేచి సర్రున సాగిపోయింది. ఒళ్ళో చూసుకుంటే నా హ్యాండ్‌బ్యాగ్ పట్టీ మెలితిరిగి ఉంది.