పొగగొట్టంలోకి సముద్రం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మర పడవల వరస చూడండి. కేబిన్ దగ్గర ఒక ఇనప పొగగొట్టం నిటారుగా పైకి లేచి ఉంటుంది. ఇంజిన్ పొగ ఆ దారినే గాలిలో కలిసిపోతుంది. తెరచాప పడవల్లో మాత్రం అలాంటి గొట్టం కనపడదు. వాటికి ఇంజిన్ లేదనుకుంటే పొరపాటే. గాలి పడిపోయినప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు, బ్యాటరీలు నింపుకోవాల్సి వచ్చినప్పుడు ఆదుకునేది అడుగున దాక్కున్న చిన్న డీజిల్ ఇంజినే. 2017లో గోవా నుంచి బయల్దేరి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టివచ్చిన ‘తారిణి’ కూడా తెరచాప పడవే. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు.

మరి ఈ పడవల్లో పొగ ఎటు పోతుంది? వెనక భాగం నుంచి, నీళ్లతో కలిసి.

ఇంజిన్ బరువు లాగుతున్నప్పుడు డీజిల్ పొగ వేడి 400 డిగ్రీలు దాటుతుంది. మనుషులు పడుకునే ఇరుకు కేబిన్ పక్కనుంచి అంత వేడి గొట్టాన్ని తీసుకెళ్లడం కష్టం. అందుకే పొగలోకి సముద్రపు నీటిని వదులుతారు. అడుగున ఉన్న వాల్వు గుండా వచ్చిన నీరు జల్లెడ దాటి, రబ్బరు రెక్కల పంపులో పడి, హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇంజిన్ వేడిని లాక్కుంటుంది. ఆ తర్వాత పొగలో కలుస్తుంది. ఆ కలిసే చోట వంపు తిరిగిన లోహపు ముక్క ఉంటుంది, దాన్నే ఎల్బో అంటారు. అక్కడ నీరు తగలగానే పొగ చల్లబడి, రబ్బరు గొట్టం కూడా తట్టుకునే స్థితికి వస్తుంది. నీరూ పొగా కలిసి కిందికి దిగి వాటర్‌లాక్ అనే డబ్బాలో చేరతాయి. డబ్బాలో నీరు పెరిగేకొద్దీ వెనకనుంచి వచ్చే పొగ దాన్ని పైకి నెట్టి పడవ బయటికి కక్కిస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: నీటిని లోపలికి తెచ్చేది పంపు, బయటికి తోసేది పొగ. పంపు తిరుగుతూ పొగ లేకపోతే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

పడవ అడుగున నీళ్లు కనిపించాయంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ‘ఎక్కడ కారుతోంది’ అని కాదు, ‘ఎప్పుడు కారుతోంది’ అని. ఇంజిన్ ఆపి రాత్రంతా వదిలేసినా కారుతోందంటే, తప్పు నీటిమట్టానికి దిగువనున్న వాల్వు, జల్లెడ, వాటి గొట్టాలు, పంపుల్లో వెతకాలి. నడిచేటప్పుడే కారుతోందంటే పంపు నుంచి వెనకవైపు దారిలో వెతకాలి. ఖాళీగా తిరిగినప్పుడు పొడిగా ఉండి, వేగం పెంచాక మాత్రమే తడుస్తోందంటే ఎల్బో, దాని గ్యాస్కెట్, వాటర్‌లాక్ అతుకుల మీద అనుమానం పడాలి. వేగంతో పాటు నీటి ధార, పొగ ఒత్తిడి రెండూ పెరుగుతాయి, వేడికి సన్న పగుళ్లు కూడా విచ్చుకుంటాయి.

కారింది ఏ నీరో కూడా తేలాలి. పాతకాపులు వేలు నాలుకకు తాకించి చెప్పేస్తారు. నేనైతే ఆ పని వద్దంటాను. ఇంజిన్ లోపల తిరిగే కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. నాలుగు చుక్కలు స్టీలు స్పూనులో పట్టి ఎండబెడితే చాలు. సముద్రపు నీరైతే తెల్లటి ఉప్పు మిగులుతుంది. కూలెంటైతే రంగు జిగురు మిగులుతుంది.

ఇక చోటు పట్టుకోవడం. ఇంజిన్ వెనకవైపంతా మంచినీటితో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం చుట్టి ఇంజిన్ నడపాలి. ఏ కాగితం ముందు తడిసిందో చూడాలి, ఎందుకంటే నీరు గొట్టం వెంట జారి ఎక్కడో దూరంగా రాలుతుంది. ఎల్బో అడుగు భాగం కంటికి అందదు. టార్చి, చేతి అద్దం పట్టుకుని వంగాల్సిందే. అక్కడ తెల్లటి ఉప్పు పొర ఉంటే నీరు కారుతోందని, నల్లటి మసి ఉంటే పొగ కారుతోందని అర్థం. రెండూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటే ఎల్బోకూ ఇంజిన్‌కూ మధ్యనున్న గ్యాస్కెట్ మీద అనుమానం పడాలి. మసిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. పెట్రోలు ఇంజిన్లలో ఈ వాయువు మరీ ఎక్కువ. పడుకునే కేబిన్‌లో దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఆపాల్సిన లీకులు. ఆపకూడని లీకులు రెండున్నాయి. చేతికి దొరికింది పూసి చుక్క ఆపేద్దామనుకునేవాళ్లు ఇంజిన్‌ను పోగొట్టుకునేది ఇక్కడే.

మొదటిది పంపు మెడ కింద ఉండే సన్నని రంధ్రం. పంపు ఇరుసు మీద రెండు సీళ్లుంటాయి: ఒకటి సముద్రపు నీటిని ఆపేది, రెండోది ఇంజిన్ ఆయిల్‌ను ఆపేది. మధ్యలో కావాలనే ఆ రంధ్రం వదిలారు. అక్కడినుంచి చుక్క పడితే నీటి సీలు అరిగిందని కబురు. రంధ్రాన్ని ఎపాక్సీ ముద్దతో మూసేస్తే కారడం ఆగుతుంది, కానీ ఆ నీరు రెండో సీలు దాటి ఆయిల్‌లోకి దారి వెతుక్కుంటుంది.

రెండోది ఇంకా మోసకారి. చాలా పడవల్లో ఎల్బో నీటిమట్టానికి దగ్గరగానో, దిగువనో ఉంటుంది. ఇంజిన్ ఆపాక కూడా నీరు సైఫన్ పద్ధతిలో తనంతట తాను లోపలికి పాకుతూ వాటర్‌లాక్‌ను నింపేయగలదు. దాన్ని తెంచడానికే, ఎల్బోకు పోయే నీటి గొట్టాన్ని నీటిమట్టానికి మూరెడు ఎత్తు దాకా తీసుకెళ్లి, ఆ వంపు నెత్తిన చిన్న గాలి వాల్వు పెడతారు. ఇంజిన్ ఆగగానే వాల్వు తెరుచుకుని గాలి దూరుతుంది, సైఫన్ తెగుతుంది. కొన్నాళ్లకు దానిలో ఉప్పు గడ్డకట్టి సరిగా మూసుకోదు, ఇంజిన్ నడిచేటప్పుడు చుక్కచుక్కగా కారుతుంది. విసుగుపుట్టి దాన్ని బిరడాతో బిగించేస్తారు. చుక్క ఆగిపోతుంది. ఆ రాత్రి సముద్రం నెమ్మదిగా ఇంజిన్‌లోకి వస్తుంది. చేయాల్సిందల్లా వాల్వు విప్పి గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఉప్పు కరిగించడం, అప్పటికీ కుదరకపోతే లోపలి రబ్బరు ముక్క మార్చడం.

బయటికి ఒక్క చుక్కా రాని లీకు కూడా ఒకటుంది. కొన్ని రకాల ఎల్బోల్లో పొగ దారికీ నీటి దారికీ మధ్య ఒకే గోడ ఉంటుంది. ఒకవైపు నిప్పులాంటి వేడి, మరోవైపు ఉప్పునీరు, ఇంధనంలోని గంధకం వల్ల పుట్టే ఆమ్లం. మూడూ కలిసి ఆ గోడను లోపల్నుంచి తినేస్తాయి. బయట రంగు కూడా చెదరదు. ఇంజిన్ ఆపాక నీరు ఆ చిల్లులోంచి వెనక్కి కారి ఎగ్జాస్ట్ వాల్వు మీదికి, తెరిచి ఉంటే సిలిండర్‌లోకి చేరుతుంది. అందుకే ఎల్బోను అప్పుడప్పుడు విప్పి లోపల చూడటం తప్ప వేరే దారి లేదు. చిల్లు పడ్డదానికి వెల్డింగ్ పెట్టించడం డబ్బు దండగని నా అభిప్రాయం. పక్కనున్న గోడ కూడా అంతే పలచబడి ఉంటుంది.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న. ఇంజిన్ అందుకోవడం లేదని సెల్ఫ్ కొడుతూనే ఉంటే పంపు తిరుగుతూ నీళ్లు తోడుతుంది, తోసే పొగ మాత్రం ఉండదు. డబ్బా నిండి నీరు వెనక్కి ఎక్కుతుంది. నీరు గాలిలా కుదించుకుపోదు. నీరున్న సిలిండర్‌లోకి పిస్టన్ బలంగా లేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండు మూడు సార్లు కొట్టినా అందుకోకపోతే సముద్రపు వాల్వు మూసి కొట్టాలి, అందుకున్న మరుక్షణం తెరవాలి. నీరు లేకుండా పంపు రబ్బరు రెక్కలు ఎక్కువసేపు బతకవు.

నీరు చేరిపోయిందన్న అనుమానం వస్తే సెల్ఫ్ ముట్టుకోకూడదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉండవచ్చు, మజ్జిగలా తెల్లబడి ఉండవచ్చు. సముద్రపు వాల్వు మూసి, డబ్బా ఖాళీ చేసి, ఇంజెక్టర్లు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పితే నీరు ఎగజిమ్ముతూ బయటికి వస్తుంది. సిలిండర్లలో పల్చటి నూనె కొట్టి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, కాసేపు నడిపి మళ్లీ మార్చాలి. తెల్లదనం పోయేదాకా ఇదే పని. రేపు చూద్దామంటే కుదరదు, ఉప్పునీరు గంటల్లోనే తుప్పు మొదలుపెడుతుంది.

రిపేరు అయ్యాక పడవను రేవులో గట్టిగా కట్టి, గేరు వేసి, అరగంట బరువు మీద నడపాలి. చల్లారాక ఎల్బో బోల్టులు ఇంకోసారి బిగించాలి. కొత్త కాగితాలు చుట్టి మళ్లీ నడపాలి. సముద్రపు వాల్వు తెరిచే ఉంచి ఇంజిన్ ఆపేసి, తెల్లారాక సెల్ఫ్ కొట్టకముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి.