అక్కడక్కడ వాన!

వైశాఖమాసం చివరి రోజుల్లో ప్రతి సాయంత్రమూ మన ఇళ్ళల్లో వినబడే ప్రకటన ఒకటి వున్నది. రాగల మూడు నాలుగు రోజుల్లో ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో వీచే ఈదురుగాలులతో కూడిన వర్షం రంగారెడ్డి జిల్లాలో అక్కడక్కడ కురిసే అవకాశం వున్నదని. గాలి వేగం వింటాం, జిల్లా పేరు వింటాం. 'అక్కడక్కడ' అన్న మాట మాత్రం చెవిని బడదు. కీలకమంతా దానిలోనే వున్నది.

మొయినాబాద్‌లో మా బంధువుల ఇంటికి వెళ్ళినపుడల్లా పక్క చేను పెద్దాయన నన్ను నిలేస్తాడు. నాలుగక్షరాలు చదువుకున్నవాణ్ణి గనుక వాన లెక్కలు నాకు తెలిసే వుండాలని ఆయన నమ్మకం.

"ఏం సారూ, టీవీల రంగారెడ్డి జిల్లా అన్నరు. శంకర్‌పల్లి దిక్కు దంచి కొట్టిందంట. మా చేన్ల సుక్క పడలె. మాది రంగారెడ్డి జిల్లా కాదా?"

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వాతావరణ శాఖవారి పరిభాషలోనే వున్నది. వారి లెక్కలో 'అక్కడక్కడ' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగోవంతుకు మించకుండా వాన పడటం. సగం దాకా పడితే 'కొన్ని చోట్ల', ముప్పాతిక దాకా పడితే 'చాలా చోట్ల'. అంటే అక్కడక్కడ వాన అన్ననాడు నలుగురిలో ముగ్గురికి పొడిగానే గడిచినా ఆ ప్రకటన నిజమైనట్టే! పెద్దాయనకు ఇలా చెబితే, "మరి ఆ నాలుగోవాడు ఎవడో ముందే చెప్పరాదా?" అన్నాడు.

చెప్పలేకపోవటానికి కారణం మే నెల మేఘం తీరే. వానాకాలపు మబ్బు ఆకాశమంతా పరుచుకుంటుంది. ఎండాకాలపు మబ్బు అలా కాదు, నిట్టనిలువుగా లేస్తుంది. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతం దక్కను పీఠభూమి మీద వున్నది. పగలంతా నేల కాలుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది. విదర్భ నుంచి కర్ణాటక మీదుగా దక్షిణానికి ఒక ద్రోణి సాగితే, ఆ గాలులు కలుసుకునే చోట తేమ పైకి ఎగదన్నుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు దూదిపింజలా కనిపించిన మబ్బు నాలుగు గంటలకు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున కొండలా నిలుస్తుంది. అడుగున దాని వెడల్పు కొద్ది కిలోమీటర్లే. ఆయుర్దాయం సుమారు ఒక గంట. అటువంటిది చిలుకూరు మీద కురుస్తుందో, అజీజ్‌నగర్ మీద కురుస్తుందో ముందు రోజు చెప్పటం ఎవరి తరం?

గండిపేట, హిమాయత్‌సాగర్‌లు పక్కనే వున్నవి గనుక మాకు వాన ఎక్కువని ఇక్కడ కొందరంటారు. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఆ జలాశయాలు పట్నాన్ని కాపాడాయి, దాహం తీర్చాయి. ఇంతటి మేఘాలను పెంచే శక్తి మాత్రం వాటికి లేదు. ఆ తేమ సముద్రానిది.

ముందు రోజు చెప్పలేనిదాన్ని మూడు గంటల ముందు చాలావరకు చెప్పవచ్చు. మబ్బు పుట్టాక దాన్ని రాడారు చూస్తుంది. ఎటు కదులుతున్నదో తెలుస్తుంది. అందుకే వాతావరణ కేంద్రం మూడేసి గంటలకు వేరే హెచ్చరికలిస్తుంది. పసుపు రంగైతే కనిపెట్టి వుండమని, నారింజ అయితే సిద్ధంగా వుండమని, ఎరుపైతే వెంటనే కదలమని. (మనవాళ్ళు పసుపునూ పచ్చ అంటారు, ఆకునూ పచ్చ అంటారు. ఆకుపచ్చ అయితే భయం లేదు. ఫోనులో ఇతరులకు చెప్పేటప్పుడు ఏ పచ్చో విడమరచి చెప్పండి.) వారం మాట విని కళ్ళంలోని యాసంగి వడ్లకు టార్పాలిన్ సిద్ధం చేసుకోవాలి. మూడు గంటల మాట విని కప్పాలి. టమాటాకు, పూలతోటకు, కాయ మీదున్న మామిడికి ఆపాటి రక్షణ కూడా లేదు. వడగళ్ళ వాన పది నిమిషాలు కురిస్తే చాలు, కాయ మచ్చపడి ధర పడిపోతుంది.

వానకంటే ముందు ఒక చల్లని గాలి దుమ్ము రేపుకుంటూ వస్తుంది చూశారూ? హాయిగా వున్నదని పిల్లలు వాకిట్లోకి పరుగెత్తుతారు. అది ఆ మబ్బులోంచి కిందికి దూకి, నేలను తాకి, నలుదిక్కులా చిమ్మిన గాలే. మేఘం దగ్గరికి వచ్చేసిందన్న మాట. 2024 మే 26 ఆదివారం సాయంత్రం ఇటువంటి ఈదురుగాలులకే నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ ఇతర చోట్లా గోడలు కూలి, చెట్లు విరిగి, పిడుగులు పడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ గాలి తగలగానే రేకుల షెడ్డు కిందనుంచీ, పాత గోడ పక్కనుంచీ తప్పుకుని గట్టి కప్పు కిందికి చేరాలి.

పిడుగు మాట ఇంటిల్లిపాదీ తెలుసుకోదగినది. మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. ఉరుము వినబడేలోపు మూడు సెకండ్లు గడిస్తే పిడుగు ఒక కిలోమీటరు దూరాన వున్నట్టు. ముప్పై లోపలే ఉరిమితే ఇంట్లోకి రావాలి. చివరి ఉరుము వినిపించాక మరో అరగంట ఆగాలి. చేవెళ్ళ దారి పొడుగునా వందల మర్రిచెట్లున్నవి. ఎండకు అవి అమ్మ ఒడి; ఉరుములవేళ వాటి కింద స్కూటరు ఆపటం మాత్రం ప్రాణాంతకం. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ కరెంటు కొడుతుందని జంకేవారున్నారు. ఆ ఒంట్లో విద్యుత్తు మిగిలి వుండదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే సాయం వచ్చేదాకా ఛాతీ మీద రెండు చేతులతో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ వుండాలి. ఆ నిమిషాల్లో వెనుకాడనివారి వల్ల బతికినవారున్నారు.

ఈ హడావుడి నైరుతి వచ్చేదాకానే. 2025లో అది మే 24నే కేరళను తాకింది. 2009 తరువాత అంత ముందుగా రావటం అదే. రెండు రోజుల్లో తెలంగాణలోకి వచ్చేసింది. రోళ్ళు పగలాల్సిన రోహిణి కార్తెలో రోళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. నైరుతి నిలదొక్కుకున్నాక మబ్బులు అడ్డంగా పరుచుకుంటాయి, ప్రకటనలో 'చాలా చోట్ల' అన్న మాట వస్తుంది. అప్పుడు పెద్దాయన చేనుకు కూడా వాటా వుంటుంది.