కందిరీగల గూడు: తీయాలా, వదిలేయాలా?

సజ్జ కిందో, మీటరు బాక్సు వెనకో కందిరీగల గూడు కంటపడితే మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. పొడవాటి కర్ర, దాని చివర గుడ్డ, కాస్త కిరోసిన్, అగ్గిపుల్ల. పిల్లలున్న ఇంట్లో ఆ తొందర సహజమే. అయినా ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఆ గూడు ఏ జాతిదో చూడకుండా అన్నిటికీ ఒకే శిక్ష వేస్తున్నాం. నిజంగా తీయాల్సిన గూటిని కూడా అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతిలో తీస్తున్నాం. ఇంటి చుట్టూ ఉండే గూళ్లలో చాలావాటి జోలికి పోనక్కర్లేదు. పోవాల్సి వచ్చినా నిప్పుతో పనిలేదు.

గోడ మూలన, కిటికీ చట్రం పక్కన, పుస్తకాల అర వెనక మట్టితో కట్టినవి ఒంటరి కందిరీగలవి. ఆ గూటికి కాపలా ఉండదు. ఆడ కందిరీగ ఒక్కతే తడిమట్టి ఉండలు మోసుకొచ్చి అరలు కడుతుంది. కుట్టి కదలకుండా చేసిన గొంగళిపురుగుల్నో సాలీళ్లనో ఆ అరల్లో పేర్చి, గుడ్డు పెట్టి, మూతి మూసి వెళ్లిపోతుంది. లోపలి పురుగులు వెంటనే చావవు కాబట్టి కుళ్లవు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు రోజుల తరబడి తాజా మేత అవుతాయి. వేదాంతంలో చెప్పే భ్రమరకీటక న్యాయం ఈ దృశ్యం చూసే పుట్టిందనుకోవచ్చు: లోపలికి పోయింది పురుగు, బయటికొచ్చింది రెక్కల జీవి. నిజానికి పురుగు మారలేదు, మేతయింది. ఈ కందిరీగలు పట్టుకుని నలిపితే తప్ప దాదాపు కుట్టవు. గూటికి చిన్న కంతలు పడ్డాయంటే పిల్లలు ఎగిరిపోయినట్టే, చాకుతో గీకేయొచ్చు. గొట్టాల్లోనూ పరికరాల రంధ్రాల్లోనూ కడితే మాత్రం ఊరుకోకూడదు. 1996లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో 189 మందిని బలిగొన్న విమాన ప్రమాదంలో, వేగం కొలిచే గొట్టానికి మట్టి కందిరీగ గూడే అడ్డుపడి ఉంటుందని అనుమానించారు. వాడని పైపుల మూతికి సన్నని జాలీ కడితే ఇంట్లో ఆ బాధ ఉండదు.

కాగితం గూటి సంగతి వేరు. పాత తలుపు మీదో, వెదురు తడక మీదో వాలి కందిరీగ దవడలతో నార గీకుతుంది. లాలాజలంతో నమిలి, ఆ ముద్దను పలచని పొరగా పరుస్తుంది. సజ్జకు అతుక్కున్న సన్నని కాడ, దాని కింద బోర్లించినట్టుండే గదులు, వాటిలో తెల్లటి పిల్లపురుగులు. పైన కప్పు లేకపోవడంతో అన్నీ కనిపిస్తాయి. దక్షిణ భారతంలో విరివిగా కనిపించే ఇలాంటి జాతుల్లో రోపలీడియా మార్జినేటా ఒకటి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలపాటు దీన్ని పరిశీలించి, 2001లో దీని మీదే ఒక పుస్తకం వెలువరించారు. ఆ పరిశీలనల్లో మనకు అక్కరకొచ్చేవి రెండు. మామూలుగా ఒక గూట్లో ఉండేవి పదుల సంఖ్యలోనే. ఏడాది పొడవునా కొత్త గూళ్లు మొదలవుతూనే ఉంటాయి. చలికాలం వస్తే వాటంతట అవే చస్తాయి, ఆగండి అని చలిదేశాల వాళ్లిచ్చే సలహా మనకు పనికిరాదు.

అందుకే నిర్ణయం గూడున్న చోటును బట్టి ఉండాలి. రెండో అంతస్తు సజ్జ కింద, ఎవరి చెయ్యీ తగలని చోట ఉంటే వదిలేయడమే మేలు. పెరటి మొక్కల మీది గొంగళిపురుగుల్ని నమిలి పిల్లలకు పెట్టేవి ఇవే. వదిలేస్తే ఇల్లంతా ఆక్రమిస్తాయేమోనన్న భయం అక్కర్లేదు. పొట్ట మీద పసుపుపచ్చ పట్టీ ఉండే పెద్ద నల్ల కందిరీగే వీటి గూళ్ల మీద పడి పిల్లల్ని తినేస్తుంది. తలుపు పైన, మెట్ల పక్కన, గ్యాస్ బండ పెట్టే చోట, చాన్నాళ్లుగా తీయని బండి సీటు కింద కడితే మాత్రం తీయాల్సిందే. ఒకటి రెండు కందిరీగలు నాలుగు గదులు కట్టిన తొలి రోజుల్లోనే తీస్తే పని తేలిక. అవి లేనప్పుడు కర్రతో రాల్చి కాడను గీకేస్తే చాలు. కాస్త పెరిగిన గూడైతే అన్నీ ఇల్లు చేరిన చీకటి వేళ, ఒళ్లంతా కప్పుకుని, నేల మీద నిలబడి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు దూరం నుంచి చిమ్మాలి. సబ్బునీరు ఒంటి మీది గాలి రంధ్రాల్ని మూసేస్తుంది, అవి ఊపిరాడక చస్తాయి. టార్చి చేతిలో పట్టుకోకుండా పక్కన పెట్టాలి, కందిరీగలు వెలుగు వైపు వస్తాయి. నిచ్చెన ఎక్కొద్దు. ఒక్కటి కుట్టినా ఉలిక్కిపడి కిందపడతాం, ఆ దెబ్బ కుట్టిన దానికంటే పెద్దది.

కాల్చేస్తే ఒక్క నిమిషంలో పోతాయి కదా అంటారు. గూడు పోతుంది, కందిరీగలన్నీ పోవు. మిగిలినవి రేగి మీద పడతాయి. సజ్జ కింద కరెంటు తీగలుంటాయి, పక్కన వాసాలో ఎండుటాకులో ఉంటాయి. దోమల స్ప్రేలో మండే వాయువు ఉంటుంది కనుక దాన్నీ మంటనూ కలపడం మరీ ప్రమాదం. చెట్టు తొర్రలో, గోడ సందులో, నేల బొరియలో ఉండే పెద్ద కందిరీగల గూటిని ఇంట్లోవాళ్లు అసలు ముట్టుకోకూడదు. పైకి ఒకటి రెండే తిరుగుతున్నా లోపల వందలుండొచ్చు. ఆ పని తెలిసినవాళ్లను పిలిపించాలి.

ఒక్కటి కుట్టినా ప్రాణం పోయేవాళ్లున్నప్పుడు ఈ బేరీజు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. అలాంటివాళ్లున్న ఇంట్లో దగ్గర్లోని గూడేదీ ఉండకూడదు, నిజమే. కానీ ఎలర్జీ ఎవరికుందో చాలాసార్లు ముందు తెలియదు. అందుకే గూడు తీయడంతో పాటు కుట్టాక ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. తేనెటీగలా కందిరీగ ముల్లు వదలదు, అదే మళ్లీ మళ్లీ కుట్టగలదు. కాబట్టి చేతులు ఊపకుండా గదిలోకి పోయి తలుపేసుకోవాలి. సున్నం, కిరోసిన్ రాస్తే చర్మం కాలుతుంది. సబ్బుతో కడిగి ఐసు పెడితే చాలు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. అప్పుడు కావలసింది తొడ కండరానికిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఒకేసారి చాలా కుడితే మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ విషానికి కండరాలు దెబ్బతిని, మూత్రం ముదురు రంగుకు తిరిగి, ఒకటి రెండు రోజుల తర్వాత కూడా కిడ్నీలు పాడవుతాయి.